పదిహేనేళ్ళకే తేలిపోయే ‘నేనెవరు’

పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాకముందే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇళ్ళ తలుపులు తట్టడం మొదలుపెడతారు. ఎంపీసీనా, బైపీసీనా? హాస్టలా, డే స్కాలరా? ఇప్పుడే సీటు ఖాయం చేసుకుంటే ఫీజు ఎంత తగ్గుతుంది? ఈ మాటలన్నీ ముందు గదిలో పెద్దవాళ్ళ మధ్య నడుస్తాయి. ఆ సీటులో కూర్చోవలసిన అమ్మాయో అబ్బాయో లోపలి గదిలో ప్రీఫైనల్స్‌కి చదువుకుంటూ ఉంటారు. జూన్ వచ్చేసరికి ఆ పిల్లల గురించి బంధువులకు చెప్పడానికి ఒక మాట సిద్ధమైపోతుంది: ‘మావాడు ఐఐటీ బ్యాచ్’, ‘మా అమ్మాయి డాక్టర్ లైన్’. కొన్ని ఇళ్ళలో ఈ మాట ఇంకా ముందే, ఆరో తరగతిలో ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్‌లో చేర్చిన రోజే ఖరారవుతుంది.

టీనేజ్ పిల్లల మీద పెద్దల ఫిర్యాదులు మాత్రం వేరేగా ఉంటాయి. ఫోన్ వదలడు. గది తలుపు వేసుకుంటుంది. జుట్టుకు రంగు వేయిస్తానంటాడు. మాటకు మాట సమాధానం చెబుతుంది. చుట్టాలొస్తే బయటికి రారు. ఇవి కంటికి కనబడతాయి కాబట్టి గొడవలన్నీ వీటి మీదే. వీటి వెనక నడుస్తున్న పని కనబడదు. నేనెలాంటి మనిషిని, నాకేది ఇష్టం, దేన్ని నమ్ముతాను, ఎవరితో కలుస్తాను అని పిల్లలు తమకు తాము తేల్చుకునే పని అది. పిల్లలు మరీ ఎక్కువగా వెతుకుతున్నారని, దారి తప్పుతున్నారని పెద్దలు భయపడతారు. మన ఇళ్ళలో నష్టం ఎక్కువగా జరుగుతున్నది ఇంకోచోట. వెతకడానికి చోటు ఇవ్వకుండానే జవాబు చేతిలో పెట్టేస్తున్నాం.

ఈ వయసులో జరిగే మథనాన్ని మనస్తత్వ శాస్త్రంలో కేంద్రానికి తెచ్చినవాడు ఎరిక్ ఎరిక్సన్. ఆయన జీవితం తెలిస్తే సిద్ధాంతం సగం అర్థమవుతుంది. 1902లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టాడు. కన్నతండ్రి ఎవరో చివరిదాకా తెలియలేదు. తల్లి పెళ్ళి చేసుకున్న యూదు పిల్లల డాక్టరు ఆయన్ని పెంచి తన ఇంటిపేరు ఇచ్చాడు. యూదుల పిల్లల మధ్య ఉంటే పొడుగ్గా, బంగారు రంగు జుట్టుతో ఉన్నాడని ఏడిపించేవారు. బడికి వెళితే యూదుడని ఏడిపించేవారు. బడి చదువు అయ్యాక యూనివర్సిటీకి వెళ్ళకుండా, బొమ్మలు వేసుకుంటూ కొన్నేళ్ళు యూరప్‌లో తిరిగాడు. 1927లో వియన్నాలో ఒక చిన్న బడిలో టీచరుగా చేరాక గానీ ఆయనకు తన దారి కనబడలేదు. 1939లో అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు ఎరిక్సన్ అనే ఇంటిపేరు తనకు తనే పెట్టుకున్నాడు. యూనివర్సిటీ డిగ్రీ ఒక్కటీ లేకుండానే తర్వాత హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. ఆ తిరిగిన ఏళ్ళను మన ఊళ్ళో అయితే ‘ఖాళీగా ఉన్నాడు’ అనేవారు.

1950లో వెలువరించిన సిద్ధాంతంలో ఆయన మనిషి జీవితాన్ని 8 దశలుగా చూశాడు. సుమారు 12 నుంచి 18 ఏళ్ళ మధ్య వచ్చే ఐదో దశలో మనిషి ముందున్న పని, చిన్నప్పటి నుంచి అందరి దగ్గరా నేర్చుకున్న ముక్కలన్నీ కలిపి ‘ఇది నేను’ అని చెప్పుకోగలగడం. ఇందుకు సమాజం ఒక గడువు ఇవ్వాలని ఎరిక్సన్ అన్నాడు. పెద్దల బాధ్యతలు మీద పడకుండా, చేసిన ప్రతి పనికీ జీవితాంతం మూల్యం చెల్లించకుండా, రకరకాల పాత్రలు వేసి చూసుకునే గడువు. నాటకాల్లో వేయడం, క్రికెట్ పిచ్చి, ఒక ఏడాది కవిత్వం, ఇంకో ఏడాది దేవుడి మీద అనుమానం, కొత్త స్నేహితుల గుంపు, పాత గుంపుతో కటీఫ్. చూసేవాళ్ళకు నిలకడ లేనట్టు అనిపించే ఇవన్నీ ఆ గడువులో జరగవలసినవే.

ఎరిక్సన్ చెప్పినదాన్ని కొలిచి చూడడానికి 1966లో జేమ్స్ మార్సియా ఒక పద్ధతి తయారు చేశాడు. 86 మంది కాలేజీ అబ్బాయిలను కూర్చోబెట్టి ఉద్యోగం, మతం, రాజకీయాల గురించి మాట్లాడించాడు. జవాబుల్లో ఆయన వెతికినవి రెండే. ఈ విషయాల్లో తనకై తాను ఆలోచించి, అటూ ఇటూ చూసుకున్నాడా? ఒక నిర్ణయానికి వచ్చాడా? ఈ రెంటినీ బట్టి నాలుగు స్థితులు తేలాయి. వెతికి ఒక నిర్ణయానికి వచ్చినవాళ్ళు, ఇంకా వెతుకుతూనే ఉన్నవాళ్ళు, వెతకనూ లేదు తేల్చనూ లేదన్నట్టు ఉన్నవాళ్ళు. నాలుగోవాళ్ళ గురించే మనం ఎక్కువ మాట్లాడుకోవాలి. వీళ్ళు అసలు వెతకకుండానే నిర్ణయానికి వచ్చేశారు. నాన్న డాక్టరు, నేనూ డాక్టరే. మా ఇంట్లో ఫలానా పార్టీ, నాదీ అదే. పైకి చూస్తే వీళ్ళు అందరికంటే కుదురుగా, స్పష్టంగా కనిపిస్తారు. మార్సియా పరీక్షల్లో మాత్రం ఇంకో సంగతి బయటపడింది. వీళ్ళు తమ శక్తికి మించిన లక్ష్యాలు పెట్టుకున్నారు. పెద్దల అధికారానికి తలవంచాలనే భావాలను మిగతావాళ్ళకంటే ఎక్కువగా సమర్థించారు.

ఆ కుదురుదనమే తెలుగు ఇళ్ళలో మంచి పిల్లల లక్షణం. ‘మావాడికి చిన్నప్పటి నుంచీ క్లారిటీ ఉంది’ అని గర్వంగా చెప్పుకుంటాం. ఆ క్లారిటీ ఎక్కడి నుంచి వచ్చిందని అడగడం అరుదు.

ఇక్కడ తల్లిదండ్రులను దోషులుగా నిలబెట్టడం అన్యాయం. రెండెకరాల మీద బతికిన కుటుంబం, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఒక కొడుకు బీటెక్ చదివి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం తెచ్చుకోవడంతో అప్పుల్లోంచి బయటపడడం ఈ పాతికేళ్ళలో వేల ఊళ్ళలో కళ్ళారా చూశారు. అదే దారిలో నడవమని పిల్లలకు చెప్పడంలో స్వార్థం కంటే భయం ఎక్కువ, ఆ భయానికి కారణమూ ఉంది. పైగా ఎరిక్సన్, మార్సియా చూసిన మనిషి ఒంటరిగా నిర్ణయించుకునే పాశ్చాత్య యువకుడు. మన పిల్లలు ‘నేను’ అన్నప్పుడు అందులో అమ్మా నాన్నా, తమ్ముడి చదువు, అక్క పెళ్ళి కూడా ఉంటాయి. ‘మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే కావాలి’ అని ఒక అమ్మాయి మనసారా అనుకుంటే అది బయటి నుంచి రుద్దిన గుర్తింపు అనలేం. తేడా అంతా ఆ మాట ఎలా వచ్చిందన్నదాంట్లో ఉంది. ఇంటి కోరికను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ప్రశ్నించి, ఒప్పుకున్న పిల్లకు అది తనదవుతుంది. ప్రశ్నించే వీలే లేక ఒప్పుకున్న పిల్లకు అది అద్దె ఇల్లు. రెండు ఇళ్ళలోనూ పిల్ల చేరింది బైపీసీలోనే. ఇబ్బంది వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ ఒకేలా నిలబడరు.

ఇబ్బంది రావడమేమో ఖాయం. 2024లో నీట్‌కు 23 లక్షల మందికి పైగా హాజరయ్యారు. అప్పటికి దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త ఎక్కువ. అదే ఏడాది ఐఐటీలన్నిటిలో కలిపి బీటెక్ సీట్లు 17,740. అంటే ఈ బ్యాచ్‌లలో చేరినవాళ్ళలో చాలా పెద్ద భాగం, ఎంత కష్టపడినా, ఆ సీటు దాకా వెళ్ళరు. ఇది లెక్కల్లోనే ఉంది, పిల్లల తెలివితేటలతో దీనికి పెద్దగా సంబంధం లేదు. ఆ సీటు ఒక లక్ష్యం మాత్రమే అయితే, రానప్పుడు బాధపడి ఇంకో దారి చూసుకుంటారు. ఆ సీటే ‘నేను’ అయిపోతే, రానప్పుడు మిగిలేదేమిటో ఆ పదిహేడేళ్ళ మనిషికి తెలియదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు తప్పులతో వెలువడ్డాయి. తెలుగులో సున్నా వచ్చిందని ప్రకటించిన ఒక విద్యార్థినికి మళ్ళీ చూస్తే 99 మార్కులు వచ్చినట్టు తేలింది. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ప్రభుత్వం, బోర్డు, మార్కుల లెక్కలు చూసిన సంస్థ మీద చర్చ చాలా జరిగింది, జరగాల్సిందే. దాంతోపాటు అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. ఒక కాగితం మీది అంకె తప్పు కావచ్చు అన్న ఆలోచన కూడా రాకముందే ‘నేను పనికిరాను’ అన్న నిర్ణయానికి పిల్లలు ఎలా వచ్చేశారు? ఏ ఒక్క చావుకూ ఒకే కారణం ఉండదు. మానసిక ఆరోగ్యం, ఇంటి పరిస్థితి, ఎన్నో కలుస్తాయి. కానీ మార్కు తప్ప తమ గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేకుండా రెండేళ్ళు గడిపిన పిల్లలకు ఆ అంకె మోయలేని బరువవుతుంది.

ఆ రెండేళ్ళు ఎలా గడుస్తాయో ఇంటర్ హాస్టళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. తెల్లవారుజామున లేపితే రాత్రి పదీ పదకొండు దాకా స్టడీ అవర్స్. వారం వారం టెస్టు. టెస్టులో ర్యాంకును బట్టి సెక్షన్ మార్పు. ఫోన్ ఉండదు, ఆదివారం ఇంటికి కొద్ది నిమిషాలు మాట్లాడతారు, నెలకోసారి ఔటింగ్. ఆటస్థలం ఉండదు, ఉన్నా ఆటకు టైముండదు. పదిహేను, పదహారేళ్ళ వయసంటే మనిషి వెతుకులాట అన్నిటికంటే ముమ్మరంగా ఉండే కాలం. సరిగ్గా ఆ కాలంలోనే చుట్టూ ఉన్న తలుపులన్నీ మూసేసి ఒక్కటే తెరిచి ఉంచుతున్నాం. అక్కడ ‘నువ్వెవరు’ అంటే చెప్పవలసింది సెక్షన్ పేరు. సెక్షన్ తగ్గితే స్నేహితులు మారిపోతారు, లెక్చరర్ల చూపు మారుతుంది, ఇంట్లో స్వరం మారుతుంది.

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఇచ్చిన తీర్పు ఈ పద్ధతినే తప్పుపట్టింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదని, అందరి ముందు అవమానించకూడదని, వంద మంది, అంతకు మించి పిల్లలున్న సంస్థలో కనీసం ఒక్క కౌన్సిలరైనా ఉండాలని మార్గదర్శకాలు ఇచ్చింది. పిల్లల ఆసక్తిని బట్టి కెరీర్ ఎంచుకునేలా పిల్లలకూ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇవ్వాలని కూడా అందులో ఉంది. కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు గురించి బేరమాడే తల్లిదండ్రులు, ‘మీ దగ్గర కౌన్సిలర్ ఎవరు, ఎప్పుడు ఉంటారు, సెక్షన్లు ఎలా వేస్తారు’ అని అడగడం మొదలుపెడితే ఆ మార్గదర్శకాలు కాగితం దాటి బయటికొస్తాయి. అడిగే హక్కు వాళ్ళకు ఉంది.

ఆడపిల్లల సంగతి ఇంకా వేరు. మగపిల్లాడికి పదమూడు, పద్నాలుగేళ్ళప్పుడు ప్రపంచం పెద్దదవుతుంది. సైకిల్ మీద ఊరు దాటతాడు, చీకటిపడ్డాక వస్తాడు, గ్రౌండ్‌లో కొత్తవాళ్ళు పరిచయమవుతారు. అదే వయసులో ఆడపిల్లకు ఓణీల ఫంక్షన్ చేసి, ఫ్లెక్సీ కట్టి, ఊరందరికీ చెప్పి, ఆ మర్నాటి నుంచి ఆమె ప్రపంచాన్ని కుదిస్తాం. ఎవరితో మాట్లాడాలి, ఎలా కూర్చోవాలి, ఎక్కడ నవ్వాలి అన్నీ వేరే అవుతాయి. చివరికి పెళ్ళితో ఆ వెతుకులాట పూర్తిగా ఆగిపోవడం ఇప్పటికీ మనదగ్గర తక్కువేమీ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. దేశ సగటు 23.3. ఐటీ ఉద్యోగాలకు, అమెరికా ప్రయాణాలకు పేరుబడ్డ రెండు రాష్ట్రాల్లో ఈ అంకెలు బాధ పెట్టాలి. పెళ్ళి కాకపోయినా, ‘రేపు ఇంకో ఇంటికి వెళ్ళాల్సినదానివి’ అన్న మాట కింద పెరిగే పిల్ల తన ఇష్టాలను కూడా తాత్కాలికం అనుకోవడం నేర్చుకుంటుంది.

తమ గుర్తింపు గురించి ఆలోచించాలా వద్దా అన్న ఎంపికే లేని పిల్లలూ ఉన్నారు. ఇంటిపేరు అడిగి, ‘మీరేమిట్లు’ అని అడిగి కులం తెలుసుకునే సమాజంలో దళిత, ఆదివాసీ పిల్లలకు ‘నేనెవరు’ అన్న ప్రశ్న బయటి నుంచి, అవమానంతో కలిసి వస్తుంది. అమెరికాలో మైనారిటీ జాతుల టీనేజర్ల మీద జీన్ ఫిన్నీ 1980ల చివర నుంచి చేసిన పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. తమ జాతి గుర్తింపు గురించి ఆలోచించి, దాని చరిత్ర తెలుసుకుని, దాన్ని ఒప్పుకున్న పిల్లల్లో ఆత్మగౌరవం ఎక్కువగా ఉన్నట్టు ఆమె చూసింది. అంటే దాచుకోవడం, మరిచిపోయినట్టు ఉండడం రక్షణ కాదు.

తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో గత దశాబ్దంలో ఇది కళ్ళముందు జరిగింది. అక్కడ చదివిన పిల్లలు, సోషల్ వెల్ఫేర్ అన్న మాట నుంచి తీసుకున్న పేరుతో, తమను స్వేరోలని పిలుచుకున్నారు. వాళ్ళు రోజూ చెప్పుకునే ప్రతిజ్ఞలలో మొదటిది, నేను ఎవరికన్నా తక్కువ కాదు అన్నది. అదే సంస్థ నుంచి నిజామాబాద్ జిల్లా అమ్మాయి మలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టి, 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్ళు కూడా నిండలేదు. ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ ఆమెతో పాటు ఎక్కాడు. అందరూ ఎవరెస్ట్ ఎక్కరు, ఎక్కనక్కర్లేదు కూడా. ఒక పేద ఇంటి పిల్లకు ‘కొండలెక్కడం’ అనేది తనకు సంబంధించిన పని కావచ్చు అన్న ఊహ ఎక్కడి నుంచి వస్తుంది? ఎవరో ఒక పెద్దమనిషి ఒక కొండ దగ్గరికి తీసుకెళ్ళి ఎక్కి చూడమన్నప్పుడు వస్తుంది. పిల్లల వెతుకులాటకు పెద్దలు చేయగలిగిన సాయంలో ఇది చాలా విలువైనది. పిల్లల చుట్టూ ఇల్లు, బడి చూపించగలిగినదానికంటే ఒక్క రకం జీవితమైనా ఎక్కువ చూపించడం.

అదే సమయంలో, కులం పేరును బైకు నంబర్ ప్లేటు మీద రాయించుకుని, రీల్స్‌లో మీసం తిప్పే కుర్రాళ్ళు కూడా గుర్తింపే వెతుక్కుంటున్నారు. అభిమాన హీరో కోసం ఇంకో హీరో అభిమానులతో రాత్రింబవళ్ళు తిట్టుకునేవాళ్ళూ అంతే. తామెవరో తేలని వయసులో ఒక గుంపు నాయకుడితో, ఒక హీరోతో పూర్తిగా కలిసిపోవడం సహజమని ఎరిక్సన్ రాశాడు. గుంపు బయటివాళ్ళ పట్ల క్రూరంగా ఉండడం కూడా ఆ తికమక నుంచి కాపాడుకునే పద్ధతేనని అన్నాడు. వయసు పెరిగేకొద్దీ చాలామంది దీన్ని దాటేస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళే ఆ గుంపులో ముందు వరసలో ఉంటే దాటడం కష్టం.

ఇక ఇంట్లో ఏం చేయాలన్నది. చాలామంది తల్లిదండ్రులకు మొదట తోచేది నిఘా: ఫోన్‌లో లొకేషన్ యాప్, వాట్సాప్ చూడడం, స్నేహితుల నంబర్లు తీసుకోవడం. దీని గురించి స్వీడన్‌లో హాకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ప్రచురించిన పరిశోధన పెద్దల ఆలోచనను తలకిందులు చేసింది. వాళ్ళు చూసింది 14 ఏళ్ళ పిల్లలను. పిల్లలు ఎక్కడుంటారో, ఏం చేస్తారో బాగా తెలిసిన తల్లిదండ్రుల పిల్లలకు చిక్కులు తక్కువ. ఇది ముందు నుంచీ తెలిసిందే. ఆ తల్లిదండ్రులకు ఎలా తెలిసిందని వెతికితే, నిఘా వల్ల తెలిసింది కొంచెమే, పిల్లలు తమంతట తాము చెప్పడం వల్ల తెలిసింది ఎక్కువ. కాబట్టి ఇంట్లో అడగవలసిన ప్రశ్న ఇది: మన పిల్ల ఒక తప్పు చేసి వచ్చి చెబితే మొదటి అయిదు నిమిషాల్లో ఏం జరుగుతుంది? అరుపులు మొదలైతే రెండోసారి చెప్పదు. ఇన్‌స్టాలో ఇంకో అకౌంట్ తెరుచుకుంటుంది, అంతే.

అలాగని గాలికి వదిలేయమని కాదు. బ్రయన్ బార్బర్ అనే పరిశోధకుడు 1990లలో ఒక ముఖ్యమైన విభజన చేశాడు. ప్రవర్తనకు హద్దులు పెట్టడం ఒకటి, మనసును లొంగదీయడం ఇంకొకటి. మొదటిది పిల్లలకు మేలే చేస్తుంది. రాత్రి ఎనిమిదింటికల్లా ఇంట్లో ఉండాలి, పడుకునేటప్పుడు ఫోన్ హాల్లో ఉండాలి, లైసెన్స్ లేకుండా బండి తీయకూడదు. ఇవి గట్టిగా చెప్పవలసినవే. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా పడొచ్చు. వెనక సీట్లో స్నేహితులుంటే ఈ వయసు పిల్లలు మామూలుకంటే ఎక్కువ రిస్క్ తీసుకుంటారని ప్రయోగాల్లో తేలింది. ఆవేశాన్ని ఆపి ఆలోచించే మెదడు భాగం ఇరవై దాటాక కూడా ఇంకా ఎదుగుతూనే ఉంటుంది. ఇక్కడ జాలిపడవలసిన పని లేదు.

రెండోది వేరు. ‘నువ్విలా చేస్తే నాన్న గుండె ఆగిపోతుంది.’ ‘మేం తిన్నా తినకపోయినా నీ ఫీజు కట్టాం.’ ‘పక్కింటి వాళ్ళబ్బాయిని చూడు.’ ఆపైన రెండు రోజుల మౌనం. ఈ మాటలు పిల్లలు చేసిన పనిని వదిలేసి, వాళ్ళు ఏం అనుకుంటున్నారో, ఏం కోరుకుంటున్నారో దాన్నే తప్పుగా మారుస్తాయి. ఇలాంటి ఒత్తిడి ఎక్కువగా ఉన్నచోట పిల్లల్లో దిగులు ఎక్కువగా ఉంటుందని బార్బర్ పరిశోధన చెప్పింది. మన దగ్గర ఇవి ప్రేమగల మాటలుగానే చలామణి అవుతాయి. ప్రేమ నిజమే. దాని బరువు పిల్లల మీద పడే తీరు కూడా నిజమే.

పదహారేళ్ళు వచ్చిన కొడుకును స్నేహితుడిలా చూడాలన్న శ్లోకం తెలుగు ఇళ్ళలో చాలామందికి నోటికి వస్తుంది. అందులో కూతురి మాట లేదు, ఆ లోటును ఇప్పటి తల్లిదండ్రులైనా పూరించాలి. స్నేహితుడిలా చూడడమంటే భుజం మీద చెయ్యి వేసి సినిమాకు తీసుకెళ్ళడంతో అయిపోదు. స్నేహితుడు మనతో ఒప్పుకోకపోవచ్చు, అయినా స్నేహం ఉంటుంది. ‘నాకు మ్యాథ్స్ ఇష్టం లేదు’ అని పిల్లవాడు అన్నప్పుడు, ‘ఎందుకని’ అని నిజంగా తెలుసుకోవడానికి అడగడం, జవాబు పూర్తయ్యేదాకా ఆగడం, ఆ రోజే తీర్పు చెప్పకపోవడం. జుట్టు, బట్టలు, పాటలు, గది గోడ మీద పోస్టర్ల లాంటివి రేపు మార్చుకోగలిగినవి. వీటిలో పిల్లలకు వదిలేస్తే, నిజంగా వెనక్కి తీసుకోలేని విషయాల్లో పెద్దల మాటకు విలువ మిగులుతుంది.

కొందరు పిల్లల వెతుకులాట ఇంటికి అసలే మింగుడుపడదు. తన శరీరం తనది కాదనిపించే అబ్బాయి, తనకు అమ్మాయిలే నచ్చుతారని తెలుసుకున్న అమ్మాయి. మనవాళ్ళు వీళ్ళను డాక్టర్ల దగ్గరికో, బాబాల దగ్గరికో ‘బాగు చేయించడానికి’ తీసుకెళతారు. ఇలా మార్చే చికిత్సలు చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ స్పష్టంగా చెప్పింది. మందు లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు. ఈ పిల్లలకు బయట దొరికే అవమానం చాలినంత ఉంది. ఇంట్లో ఒక్క మనిషి తమ వైపు ఉంటే బతుకు మీద ఆశ నిలుస్తుంది.

అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకు ఇదే కథ ఇంకో రూపంలో వస్తుంది. వారాంతం మనబడిలో తెలుగు అక్షరాలు, కూచిపూడి క్లాసు, వారమంతా బడిలో పేరును కుదించి పలికే స్నేహితులు. అక్కడి తల్లిదండ్రులు తాము బయల్దేరిన ఏడాది నాటి తెలుగు నేలను ఇంట్లో నిలబెట్టాలని చూస్తారు. పిల్లలు మాత్రం రెండింటిలోంచీ తమకు కావలసింది తీసుకుని మూడోదేదో తయారు చేసుకుంటారు. దాన్ని సగం తెలుగుగా చూడడం మానేస్తే చాలా గొడవలు తగ్గుతాయి.

వెతుకులాట ఎప్పుడు మామూలు, ఎప్పుడు సాయం కావలసింది? వెతకడంలోనే రెండు రకాలున్నాయని బెల్జియంలో కోన్ లయిక్స్ బృందం 2008లో చూపించింది. ఒకటి ముందుకు నడిపిస్తుంది. ఇది చూశాను, నచ్చలేదు, అది చూస్తాను అన్నట్టు. రెండోది అదే ప్రశ్న చుట్టూ గిరగిరా తిప్పుతుంది. ఏం ఎంచుకున్నా తప్పేమో, నేనెందుకూ పనికిరానేమో అని. ఈ రెండోదానికి దిగులుతో గట్టి సంబంధం ఉంది. ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్ర, తిండి మారిపోవడం, స్నేహితులను తప్పించుకోవడం, తాను లేకపోతే బాగుండేదన్న మాటలు రెండు వారాలు దాటి కొనసాగితే ‘వయసు ప్రభావం’ అని సరిపెట్టుకోకూడదు. చనిపోవాలన్న మాట వినబడితే రెండు వారాలు కూడా ఆగకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. 2022 అక్టోబర్ నుంచి ఇది పనిచేస్తోంది. పిల్లలే చేయొచ్చు, తల్లిదండ్రులూ చేయొచ్చు. ఈ నంబర్ హాస్టల్‌లో ఉన్న పిల్లలకు ముందే చెప్పి ఉంచాలి, అక్కడి ఫోన్ నుంచి చేయనిస్తారా లేదా అని కాలేజీలో ముందే అడగాలి.

చివరిగా, దారి మార్చుకోవడం గురించి. మార్సియా తర్వాత వచ్చిన పరిశోధకులు గుర్తింపు ఒకసారి తేలి ఆగిపోదని, పెద్దయ్యాక కూడా మనుషులు మళ్ళీ మళ్ళీ వెతికి, మళ్ళీ తేల్చుకుంటారని చూపించారు. బీటెక్ చేసి గ్రూప్స్ రాసేవాళ్ళు, సాఫ్ట్‌వేర్ వదిలి వ్యవసాయానికి వచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉన్నారు. ముప్ఫై ఏళ్ళప్పుడు చేస్తే సాహసం అంటున్నదాన్ని పదిహేడేళ్ళప్పుడు చేస్తే పతనం అనడం సరికాదు. 2020 జాతీయ విద్యా విధానం 9 నుంచి 12 తరగతుల దాకా సైన్సు, ఆర్ట్స్ మధ్య గట్టి గోడలు ఉండకూడదని చెప్పింది. ఆ గోడలు మనదగ్గర ఇంకా పూర్తిగా పడలేదు. అయినా ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా ఐదేళ్ళ లా కోర్సుకు వెళ్ళొచ్చు. బీఏలో చేరి చరిత్రో ఆర్థికశాస్త్రమో చదవొచ్చు. డిజైన్, హోటల్ మేనేజ్‌మెంట్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. ఇంటర్ మొదటి ఏడాది తర్వాత గ్రూపు మార్చి మళ్ళీ మొదలుపెట్టిన పిల్లకు పోయేది ఒక ఏడాది. ఈ వివరాలన్నీ పిల్లలకు తెలియవలసింది ర్యాంకు రానప్పుడు, ఓదార్పుగా కాదు. పదో తరగతి వేసవిలో, ఇంకా ఏదీ తేలకముందు, పీఆర్వో రాకముందు, వాళ్ళను కూడా ముందు గదిలో కూర్చోబెట్టి చెప్పాలి.